గాలానికి పడిన చేప నేర్పే పాఠం: పట్టూ విడుపూ

పిల్లలూ! మీలో చెరువులో గాలం వేసినవాళ్ళు ఎందరున్నారు? చేతులెత్తండి చూద్దాం. భయం లేదు, మేష్టరు కోప్పడడు. నేనూ మీ వయసులో బడి వదలగానే పుస్తకాల సంచి అరుగుమీద పారేసి చెరువుగట్టుకు పరుగెత్తినవాణ్ణే.

నాకప్పుడు పన్నెండేళ్ళు. మాది చిత్తూరు జిల్లాలో ఒక చిన్న పల్లె. ఆ ఏడు కార్తీకంలో వానలు బాగా కురిసి, మా చెరువు నిండి మొరవ పోయింది. ఒక వెదురు కర్ర, నైలాన్ దారం, జొన్నబెండు, అంగడిలో కొన్న గాలం, పేడదిబ్బలో తవ్విన ఎర్రలు – ఇవీ నా ఆయుధాలు. వారం రోజులు వేలెడేసి పక్కెలు తప్ప ఏమీ పడలేదు. ఎనిమిదో రోజున బెండు ఒక్కసారిగా బుడుంగున మునిగింది. నేను రెండు చేతులా కర్ర పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజాను. నీళ్ళమీద నల్లగా, నా మోచేతంత కొరమీను తళుక్కుమంది. అంతలోనే 'టప్'మని దారం తెగింది. కొరమీను గాలంతో సహా మాయమైంది. నేను గట్టుమీద వెల్లకిలా పడ్డాను.

పక్కన ఎద్దులు కడుగుతున్న మా చిన్నాయన పకపకా నవ్వాడు. "ఏందిరా అబ్బోడా, బాయిలో చేద గుంజినట్టు గుంజితివే! పడినాక అట్ల గుంజకూడదు. అది గుంజితే నువ్వు ఇడువు. అది నిలిస్తే నువ్వు గుంజు. నీళ్ళలో దాని బలం జాస్తి, గట్టుమీద నీ బలం జాస్తి" అన్నాడు.

మా చిన్నాయన చదివింది మూడో తరగతి. ఆయన చెప్పిన ఆ నాలుగు మాటల్లో ఎంత భౌతికశాస్త్రం ఉందో, నేను బి.ఇడి. చదివి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక గాని నాకు తెలిసిరాలేదు. గాలానికి పడిన చేప బలంతో రాదు, ఓపికతో వస్తుంది. ఎందువల్ల? ఆ సంగతే ఈ నెల చెప్పుకుందాం. చేపలు తినని ఇళ్ళ పిల్లలు కూడా చదవవచ్చు. ఇందులో కూర లేదు, సైన్సే ఉంది!

పాతకాలపు విద్య

గాలం వేయడం నిన్నమొన్నటి విద్య కాదు. కళ్యాణి రాజధానిగా ఏలిన పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో 'మానసోల్లాసం' అనే పెద్ద గ్రంథాన్ని సంస్కృతంలో రచించాడు. అందులో 'మత్స్యవినోదం' అని ఒక భాగం ఉంది. చేపలకు వేయవలసిన ఎరలు, గాలపు కర్ర, తాడు – వీటన్నిటి గురించి అందులో చెప్పాడు. ఆ తరువాత చాలాకాలానికి, మద్రాసు రాజధానిలో కలెక్టరుగా పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ అనే ఆంగ్లేయుడు మన దేశపు చెరువుల్లో గాలం వేయడం గురించే ఒక పుస్తకం రాసి 1887లో ప్రచురించాడు.

చల్లని దేశాలలో సాల్మన్ అనే చేప ఉంది. అది నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నదిలోకి ఎదురీదుకుంటూ వస్తుంది. స్కాట్లండులోని టే నదిలో 1922 అక్టోబరు 7న జార్జినా బాలంటైన్ అనే యువతి గాలానికి 64 పౌండ్ల సాల్మన్ పడింది. అంటే సుమారు 29 కిలోలు! ఆ చేపను గట్టుకు చేర్చడానికి రెండు గంటలకు పైగా పట్టింది. బ్రిటన్‌లో గాలానికి చిక్కిన సాల్మన్‌లలో నేటికీ అదే రికార్డు. ఆమె కూడా నాలాగే ఒక్క గుంజు గుంజి ఉంటే?

మన స్వర్ణముఖిలో సాల్మన్ ఉండదు. మన చెరువుల్లో కొరమీను, బొచ్చె, రోహు, జెల్ల, జిలేబి ఉంటాయి. చేప ఏదైనా, నీళ్ళు ఎక్కడివైనా సూత్రాలు మాత్రం ఒక్కటే.

సామాను సిద్ధం చేసుకుందాం

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఖరీదైన చక్రాల కర్రలు అక్కరలేదు. సుమారు 3 మీటర్ల సన్నని వెదురు కర్ర చాలు. మొదలు గట్టిగా, కొస సన్నగా, వంచితే వంగి తిరిగి నిటారుగా నిలిచేదిగా ఉండాలి. ఎందుకో కాసేపట్లో చెబుతాను. 2 కిలోల బరువు మోయగల నైలాన్ దారం కర్రంత పొడవు ఉంటే సరిపోతుంది. దారం చివర గాలం, దానికి జానెడు పైన చిన్న సీసపు గుండు, ఆ పైన బెండు.

బెండు లావుగా ఉండకూడదు. ఇక్కడే ఆర్కిమెడిస్ సూత్రం పనికివస్తుంది. బెండును నీళ్ళు పైకి తోస్తాయి. దీన్నే ఉత్ప్లవన బలం అంటాము. సీసపు గుండు దాన్ని కిందికి లాగుతుంది. గుండ్లు కాస్త ఎక్కువో తక్కువో చేసి, బెండు కొస మాత్రమే నీటిపైన కనబడేటట్లు చూడండి. అప్పుడు చేప మేతను ముట్టుకున్నా బెండు మునుగుతుంది. లావు బెండయితే దాన్ని ముంచడానికి చేప గట్టిగా లాగాలి. ఏదో అడ్డు తగిలిందని అది మేతను ఉమ్మేస్తుంది. సీసాన్ని మాత్రం పళ్ళతో కొరికి నొక్కవద్దు. సీసం విషం.

ఇక ముడి. నైలాన్ నున్నగా ఉంటుంది, మామూలు ముడి జారిపోతుంది. దారం కొసను గాలం కంటిలో దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారు చుట్లు తిప్పండి. కంటి పక్కన ఏర్పడిన చిన్న ఉచ్చులో ఆ కొసను దూర్చి, నీళ్ళతో తడిపి, నెమ్మదిగా బిగించండి. తడపడం ఎందుకంటారా? పొడిగా బిగిస్తే రాపిడివల్ల వేడి పుడుతుంది. ఆ వేడికి నైలాన్ బలం తగ్గుతుంది.

చేసి చూడండి: రెండు జానల కుట్టుదారం ఒకటి తీసుకోండి. ఒక కొసను కిటికీ ఊచకు చాలా చుట్లు చుట్టి బిగించండి. రెండో కొసను చిన్న డబ్బా పిడికి అలాగే చుట్టండి. డబ్బాలో కొద్దికొద్దిగా ఇసుక పోస్తూ, దారం ఎంత బరువుకు తెగిందో తూచి రాసుకోండి. ఇప్పుడు అదే రకం దారానికి మధ్యలో ఒక ముడి వేసి మళ్ళీ చేయండి. ఈసారి ఎంత బరువుకు తెగింది? ఎక్కడ తెగింది? నలుగురు స్నేహితులు విడివిడిగా చేసి ఫలితాలు పోల్చుకోండి. డబ్బా పడేచోట కాళ్ళు పెట్టకండి.

మనం చేపకు కనబడతామా?

కనబడతాం. కాని చేప లోకాన్ని చూసే తీరు వేరు. గాలిలోనుంచి నీటిలోకి వచ్చే కాంతికిరణాలు వంగుతాయి. ఇదే వక్రీభవనం. నీటికీ గాలికీ సందిగ్ధకోణం సుమారు 49 డిగ్రీలు. అందువల్ల బయటి లోకమంతా చేపకు తలపైన ఒక గుండ్రని కిటికీలో ఇమిడి కనిపిస్తుంది. చేప మీటరు లోతున ఉంటే ఆ కిటికీ వెడల్పు సుమారు రెండుంపావు మీటర్లు. ఆ కిటికీకి అవతల నీటి ఉపరితలం దానికి అద్దంలాగా కనిపిస్తుంది.

గట్టున దూరంగా, కిందికి వంగి ఉన్న వస్తువులు ఆ కిటికీ అంచున అణిగి, నలిగి కనిపిస్తాయి. ఎత్తుగా నిలబడిన మనిషి స్పష్టంగా కనిపిస్తాడు. ఉదాహరణకు, 5 మీటర్ల దూరంలో ఉన్న చేపకు, నీటిమట్టం నుంచి 90 సెంటీమీటర్ల లోపు ఎత్తున ఉన్నది సరిగా ఆనదు. కాబట్టి గట్టున కూర్చోండి. మీ నీడ నీళ్ళమీద పడనీయకండి.

మాట్లాడకూడదా? మెల్లగా మాట్లాడుకోవచ్చు. గాలిలోని శబ్దం నీటి ఉపరితలాన్ని తాకి దాదాపు అంతా వెనక్కి మళ్ళిపోతుంది. కాని గట్టుమీద దబదబా నడిస్తే ఆ అదురు నేల గుండా నీళ్ళలోకి పోతుంది. చేప ఒంటికి రెండు పక్కలా తలనుంచి తోకదాకా ఒక గీత ఉంటుంది, చూశారా? అదే పార్శ్వరేఖ. నీటిలోని చిన్న కదలికను కూడా చేప దానితో పసిగడుతుంది.

బెండు మునిగింది! ఇప్పుడు?

చిన్న పక్కెలు బెండును టకటకా కొడతాయి. అప్పుడే కదలకండి. బెండు మునిగి ఒక పక్కకు సాగిపోతుంటే చేప మేతను నోట పెట్టుకుందని అర్థం. అప్పుడు మణికట్టుతో కర్రకొసను చిన్నగా పైకి ఎత్తండి. అంతే! గాలం మొన సూదిలాగా వాడిగా ఉంటుంది. బలం తక్కువైనా అది ఆనే చోటు చాలా చిన్నది గనుక పీడనం ఎక్కువ. గుచ్చుకోవడానికి జానెడు ఎత్తు చాలు. నేను చేసినట్లు ఆకాశానికి ఎత్తవలసిన పని లేదు.

చేప చిక్కింది. అది పరుగు తీస్తుంది. అసలు పరీక్ష ఇప్పుడే మొదలవుతుంది.

దారం ఎప్పుడు తెగుతుంది?

"మేష్టారూ, 2 కిలోల బరువు మోసే దారం కిలో చేపకు ఎందుకు తెగుతుంది?" అని మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. లెక్క వేద్దాం.

కిలో బరువున్న చేప సెకనుకు 2 మీటర్ల వేగంతో పరుగెడుతోంది అనుకోండి. దాని ద్రవ్యవేగం = ద్రవ్యరాశి × వేగం = 1 × 2 = 2 యూనిట్లు. దాన్ని ఆపాలంటే ఈ ద్రవ్యవేగం సున్న కావాలి. కావలసిన బలం = ద్రవ్యవేగంలో మార్పు ÷ పట్టిన కాలం.

కర్రను బిగబట్టి, సెకనులో ఇరవయ్యో వంతు కాలంలో ఆపితే: 2 ÷ 1/20 = 40 న్యూటన్లు. అంటే సుమారు 4 కిలోల బరువు దారానికి వేలాడదీసినట్లు. 2 కిలోల దారం తెగక ఏమవుతుంది?

కర్రను వంగనిస్తూ, చేయి కాస్త ముందుకు చాస్తూ, ఒక సెకను కాలంలో ఆపితే: 2 ÷ 1 = 2 న్యూటన్లు. అంటే 200 గ్రాముల బరువు మాత్రమే. చేప ఆ సమయంలో తోకతో ఈదే బలం దీనికి అదనం. అది కలిసినా దారానికి ప్రమాదం తక్కువే.

చూశారా! చేప అదే, దారం అదే. మారింది కాలం ఒక్కటే. క్రికెట్టులో బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి తీసుకుంటారు, ఎందుకు? ఎత్తునుంచి దూకేటప్పుడు మోకాళ్ళు వంచుతారు, ఎందుకు? అన్నిటికీ ఇదే సమాధానం. "అది గుంజితే నువ్వు ఇడువు" అని చిన్నాయన అన్నమాటకు అర్థం ఇదే.

వంగే కర్ర, నొచ్చే చేయి

వెదురు కర్ర వంగాలని ఎందుకు చెప్పానో ఇప్పుడు తెలిసింది కదా! వంగిన కర్ర స్ప్రింగులాంటిది. చేప గుంజినప్పుడు వంగి ఆ కుదుపును తనలో దాచుకుంటుంది. చేప నిలిచినప్పుడు నెమ్మదిగా నిటారై దాన్ని ఇటు లాగుతుంది. కర్రను దారం పోయేవైపే చాచి పట్టుకుంటే ఈ లాభం పోతుంది. వంగడానికి వీలుండదు, కుదుపంతా దారంమీదనే పడుతుంది. అందుకే కర్రను కాస్త నిలువుగా, దారానికి అడ్డంగా పట్టుకోవాలి.

కాని దీనికి మనం ధర చెల్లించాలి. గాలపుకర్ర మూడవ రకపు తులాదండం, పట్టకారు లాంటిది. మొదలును పట్టిన చేయి ఆలంబనం, కొసన చేప భారం, మధ్యలో రెండో చేయి బలం. కర్ర పొడవు 3 మీటర్లు, రెండో చేయి మొదలునుంచి అర మీటరు దూరంలో ఉందనుకోండి. చేప కొసను ఒక కిలో బరువుతో లాగితే, 1 × 3 = బలం × అర. అంటే చేతిమీద పడేది 6 కిలోల బరువు! చిన్న చేపకే చేయి ఎందుకు నొస్తుందో తెలిసిందా? "అబ్బో, ఎంత పెద్దదో!" అనిపించిన చేప గట్టుకొచ్చాక చిన్నదైపోవడంలో మాయ ఏమీ లేదు. తులాదండం చేసిన తమాషా అది.

చేప ఎందుకు అలసిపోతుంది?

మీరు వంద మీటర్ల పరుగు పందెంలో ఎంత వేగంగా పోతారు? అదే వేగంతో ఊరిదాకా పరుగెత్తగలరా? చేప సంగతీ అంతే. భయంతో ఒక్కసారిగా దూసుకుపోయేటప్పుడు దాని తెల్లని కండరాలు ఆక్సిజన్ కోసం ఆగకుండా, కూడబెట్టుకున్న ఇంధనాన్ని ఖర్చు చేస్తాయి. లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. నాలుగైదు పరుగులకు ఇంధనం తరిగిపోతుంది. అప్పుడు చేప ఒక పక్కకు ఒరిగి, తెల్లని పొట్ట చూపిస్తుంది. లొంగిపోయిందనడానికి అదే గుర్తు.

నీటిలో ఆక్సిజన్ తక్కువ. అందులోనూ నీళ్ళు వేడెక్కినకొద్దీ ఇంకా తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములే. మన ఎండాకాలపు చెరువుల్లో అలసిన చేప తేరుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. వదిలిపెట్టదలచిన చేపను అనవసరంగా ఆడించకూడదు. త్వరగా గట్టుకు తెచ్చి, తడిచేత్తో పట్టుకుని, గాలం తీసి వెంటనే నీళ్ళలో వదలాలి. పొడిచేతులు తగిలితే దాని ఒంటిమీది జిగురు ఊడిపోయి రోగాలు సోకుతాయి. కొరమీను మాత్రం గట్టిపిండం. దాని తలలో గాలి పీల్చుకునే ప్రత్యేకమైన అర ఉంది. అందుకే సంతలో తడిగోనె కింద కూడా చాలాసేపు బతికే ఉంటుంది.

చివరి మూరెడు

చేపలు పోయేది ఎక్కువగా చివరి మూరెడు దూరంలోనే. నీళ్ళలో ఉన్నంతసేపు చేప బరువు మనకు దాదాపు తెలియదు. దాని కడుపులోని గాలితిత్తివల్ల దాని సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది. నీళ్ళు దాన్ని మోస్తున్నాయి. గాలిలోకి ఎత్తారో, ఉత్ప్లవన బలం పోతుంది. కిలో చేప బరువంతా ఒక్కసారిగా దారంమీద పడుతుంది. అది గిలగిల కొట్టుకుంటే ఆ కుదుపుకు బలం ఇంకా పెరుగుతుంది. నా కొరమీను పోయింది సరిగ్గా అక్కడే.

కాబట్టి చేపను ఎత్తకూడదు, జరపాలి. గట్టు వాలుగా ఉంటే, అలసిన చేపను తల ముందుగా నెమ్మదిగా ఒడ్డుకు జార్చాలి. గట్టు నిటారుగా ఉంటే పిడి ఉన్న చిన్న చేతివల వాడాలి. పద్ధతి ఇది:

1. చేప పొట్ట చూపేదాకా దగ్గరికి లాగవద్దు. కర్ర వంపు పోకుండా, దారం వదులు కాకుండా చూడండి. వదులైతే గాలం ఊడిపోతుంది.

2. చేప తామరతీగలవైపో, కంపవైపో పరుగెత్తితే ఎదురు గుంజవద్దు. కర్రను పక్కకు వాల్చి దాన్ని పక్కకు తిప్పండి. తల ఎటు తిరిగితే చేప అటే పోతుంది.

3. స్నేహితుణ్ణి చేతివలను ముందే నీళ్ళలో ముంచి కదలకుండా పట్టుకోమనండి. వలతో చేప వెంట పడకూడదు.

4. చేపను వలమీదికి తల ముందుగా తెండి. పొలుసులు, వాజాలు తోకవైపుకే వాలి ఉంటాయి, తలవైపునుంచి వస్తే ఏదీ చిక్కుకోదు. అప్పుడు వల ఎత్తండి.

5. వల రాగానే చేప మళ్ళీ ఒక్కసారి పరుగు తీస్తుంది. దానికి సిద్ధంగా ఉండండి. కర్రను ముందుకు చాచి పోనివ్వండి.

6. జెల్ల, ఇంగిలాయి వంటి మీసాల చేపల పక్క ముళ్ళు ప్రమాదం. ఇంగిలాయి ముల్లులో విషం ఉంటుంది. గుచ్చుకుంటే ఆ చోటును ఒళ్ళు కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ఉంచి, వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

7. గాలం మీ చేతికే గుచ్చుకుని ముల్లు లోపలికి దిగిపోతే పీకకండి. ఆసుపత్రికి వెళ్ళండి. ధనుర్వాతం సూది కూడా అవసరం కావచ్చు. గాలానికుండే ఎదురుముల్లును ముందే పట్టకారుతో నొక్కి అణచేస్తే మీకూ, వదిలిపెట్టే చేపకూ మేలు.

ఆ రోజు చిక్కింది నేను

ఇప్పుడు మీకు ఇంకో సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంటుంది, కాని ఏటా ఒకసారి మా తరగతిలో చెబుతాను.

మరుసటి ఏడు అదే చెరువు. ఈసారి దారం తెగలేదు, కర్రే చేజారింది. చేప దాన్ని లాక్కుంటూ పోతోంది. నా కళ్ళముందే కర్ర మూడు బారల దూరం పోయింది. పోతే పోనీ అనుకోలేకపోయాను. మోకాలి లోతే కదా అని దిగాను. రెండడుగులు బాగానే ఉంది. మూడో అడుగుకు కింద నేల లేదు. ఎండాకాలంలో ఇటుకలకోసం మట్టి తవ్విన గుంట అది. నీళ్ళు నిండాక పైకి కనబడదు. నాకు ఈత రాదు.

చిన్నాయన గట్టునే ఉన్నాడు. ఆయన నీళ్ళలోకి దూకలేదు. గట్టుమీద బోర్లా పడుకుని, పంచె విప్పి, ఒక కొస నాకు అందేట్టు విసిరాడు. "పట్టుకో నాయనా, కొట్టుకోవద్దు, ఊరికే పట్టుకో" అని అరిచాడు. నేను పట్టుకున్నాను. ఆయన మెల్లగా, ఆగి ఆగి లాగాడు. నీళ్ళలో ఉన్నంతసేపు నన్ను లాగడం ఆయనకు ఏమంత కష్టం కాలేదు. గట్టు అంచున పైకి తీయడానికి మాత్రం ఇంకా ఇద్దరు రావలసి వచ్చింది. ఎందుకో మీకు చెప్పనక్కరలేదు. నీళ్ళు మోసిన బరువంతా అక్కడ వాళ్ళ చేతులమీద పడింది.

ఆయన నన్ను కొట్టలేదు. "కర్ర వెదురుది, ఐదు నిమిషాల్లో కోసుకోవచ్చు. నిన్ను యాడ కోసుకురావాల?" అన్నాడు. అంతే.

పిల్లలూ! ఈ వ్యాసంలో మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవకండి. చేప పోతే పోనీ, కర్ర పోతే పోనీ, నీళ్ళలోకి దిగవద్దు. విడవడం తెలియనివాడు గాలం పట్టకూడదు.

స్వర్ణముఖి వంటి మన నదులు ఎక్కువ రోజులు ఎండి ఉంటాయి. ఇసుక తోడిన గుంతలు నీళ్ళు వచ్చాక కనబడవు. వరద వచ్చిందంటే మన చెరువులే భయపెడతాయి. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గర రాయలచెరువు గట్టునుంచి నీళ్ళు కారడంతో దిగువ పల్లెల ప్రజలను ఖాళీ చేయించారు. అటువంటి రోజుల్లో గట్టువైపే పోవద్దు. ఎప్పుడు వెళ్ళినా ఈత వచ్చిన పెద్దవాళ్ళు ఒకరు తోడుండాలి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యానుకు పొడవాటి తాడు కట్టి దగ్గర ఉంచుకోండి. ఎవరైనా పడితే దూకవద్దు. క్యాను విసరండి, పడుకుని లాగండి, కేకలు వేయండి. కరెంటు తీగల కింద గాలపుకర్ర ఎత్తవద్దు. ఉరుములు వినబడితే కర్ర కింద పెట్టి ఇంటికి నడవండి.

ఎక్కడ, ఏది, ఎప్పుడు వద్దు?

చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సంఘాలకో, పాట పాడుకున్నవాళ్ళకో ఉంటుంది. అడిగి గాలం వేయండి. వాళ్ళకు అది సరదా కాదు, బతుకుతెరువు. గుడి కోనేళ్ళలో వేయకూడదు. నాగలాపురం వేదనారాయణస్వామి ఆలయంలో దేవుడే మత్స్యరూపంలో ఉన్నాడని మీకు తెలుసు కదా! శేషాచలం కొండల్లోని శ్రీ వేంకటేశ్వర జాతీయవనంలో వాగుల్లో చేపలు పట్టడం నేరం. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలను చంపడాన్ని 1897 నాటి చట్టమే నిషేధించింది.

చెరువులో ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా నీటిపైన తిరుగుతుంటే, వాటి కింద తల్లో తండ్రో కొరమీను కాపలా ఉంటుంది. దాన్ని పట్టకండి. ఆ ఒక్క చేప పోతే ఆ గుంపును మిగతా చేపలు మింగేస్తాయి. కొరమీనును తెలంగాణ 2016లో తన రాష్ట్ర చేపగా ఎంచుకుంది. కావేరిలోని మూపు మహసీర్ అనే పెద్ద చేప అంతరించే ప్రమాదంలో ఉందని 2018లో అంతర్జాతీయ జాబితాకెక్కింది. మన కొరమీనుకు ఆ గతి పట్టకూడదు. జిలేబి సంగతి వేరు. అది 1952లో మన దేశానికి తెచ్చిన పరాయి చేప, విపరీతంగా పెరుగుతుంది. పట్టినకొద్దీ చెరువుకు మంచిదే.

తెగిన నైలాన్ దారం గట్టున పారేయకండి. అది మట్టిలో త్వరగా కలవదు. కొంగల కాళ్ళకు, నేలపట్టుకు వచ్చే గూడబాతుల రెక్కలకు చుట్టుకుంటే అవి ఎగరలేక చస్తాయి. ముక్కముక్కా జేబులో వేసుకుని ఇంటికి తెండి.

నాకిప్పుడు యాభై దాటాయి. చిన్నాయన లేడు. సెలవుల్లో ఊరికి పోతే ఆ చెరువుగట్టున ఇప్పటికీ ఒక గంట కూర్చుంటాను. పోయిన సంక్రాంతికి మా అన్న మనవడి గాలానికి మంచి రోహు పడింది. వాడు గుంజబోయాడు. "అది గుంజితే నువ్వు ఇడువు" అన్నాను. వాడు విడిచాడు. పావుగంటకు అది పొట్ట చూపింది. నేను చేతివల ముంచి పట్టుకున్నాను. వాడు రెండడుగులు వెనక్కి వేసి దాన్ని వలలోకి తెచ్చాడు. కాలు మాత్రం తడవలేదు.

మీరే చెప్పండి

1. పైన చెప్పిన కర్రలో రెండో చేతిని మొదలునుంచి 1 మీటరు దూరానికి జరిపితే చేతిమీద ఎంత బరువు పడుతుంది?

2. 2 కిలోల చేప సెకనుకు ఒకటిన్నర మీటరు వేగంతో పోతోంది. దాన్ని అర సెకనులో ఆపడానికి ఎంత బలం కావాలి? 2 కిలోల దారం తెగుతుందా?

3. బావిలో చేద నీళ్ళలో మునిగి ఉన్నప్పుడు తేలిగ్గా, నీటిపైకి రాగానే బరువుగా ఎందుకు అనిపిస్తుంది?

జవాబులు రాసి మీ సైన్సు మేష్టరుకు చూపించండి. మూడో ప్రశ్నకు బావి దొరక్కపోతే బకెట్టు, తాడు చాలు.